పలకా పలకరింపూ

ఈమధ్య ఒక అలమర చేయించుకుందామని కోదాడ వెళ్ళాను. మా సూర్యాపేటలో కలప దొరకక కాదు. కోదాడలో పాత కలప అమ్మే దుకాణం ఒకటి ఉందని, అక్కడి చెక్క మన తర్వాత కూడా ఉంటుందని మా అల్లుడు చెప్పాడు. ఇంట్లో కూర్చుని చేసేదేముందని బస్సెక్కాను. దుకాణం వెనక రేకుల షెడ్డులో కూల్చిన ఇళ్ళ దూలాలు, దర్వాజాలు, కిటికీ రెక్కలు గుట్టలుగా పోసి ఉన్నాయి. ఆ సందుల్లోంచి దుకాణదారు ఒక పొడుగాటి చెక్కను లాగి నా ముందు పడేశాడు.

"ఈ పలక చూడండమ్మా. పాత పడవదండి. ఇన్నేళ్ళు నీళ్ళల్లో నానింది కదా, ఇంక చెద పట్టమన్నా పట్టదు."

నేను వంగి దాన్ని వాసన చూశాను. కలప కొనడానికి వచ్చినవాళ్ళు చెక్కను తట్టి చూస్తారు, గీకి చూస్తారు గాని, ముక్కు పెట్టి చూసినవాళ్ళను అతనెప్పుడూ చూసి ఉండడు. తారు వాసన. దాని అడుగున నది బురద వాసన, ఇంకా అడుగున ఎప్పటివో చేపల వాసన. "పలక" అన్నాడు కదా, ఆ మాటకు ఈ వాసనకు నా బాల్యంలో ఒకసారి ముడిపడింది. షెడ్డు, రేకులు, బయట రోడ్డు మీద లారీల మోత, అన్నీ పొగమంచులోకి జరిగిపోయినట్టయింది.

మాది వేములపల్లి దగ్గర చిన్న ఊరు. గొర్రెలు కాచుకునే ఇల్లు. కాలువ నీళ్ళు వచ్చాక మా చుట్టుపక్కల పొలాలన్నీ రెండు పంటలకు తిరిగాయి. అందరికీ అది సంబరమే, గొర్రెలవాళ్ళకు తప్ప. యాసంగి నాట్లు పడితే గొర్రె కాలు పెట్టడానికి జాగా ఉండదు. అందుకని వానాకాలం కోతలు కాగానే మా నాయన, బాబాయి మందను తోలుకుని కృష్ణ ఒడ్డుకు పోయేవాళ్ళు. పాలకీడు దాటి, చెలకలు దాటి, నది పక్కన తుమ్మచెట్లూ గడ్డీ ఉండే చోటికి. ఆ యేడు బాబాయి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఆయన బదులు అమ్మ పోవాల్సి వచ్చింది. అమ్మ పోతే నేనూ పోవాలి.

నేనప్పుడు రెండో తరగతి. అమ్మ సామాను కట్టేటప్పుడు గిన్నెలకన్నా ముందు నా రాతిపలకను పాతచీర ముక్కలో చుట్టి గంప అడుగున పెట్టింది. నాయన అది చూశాడు.

"అదెందుకే? గొర్లకు సదువు చెప్తదా?"

"అక్షరాలు మర్సిపోతది," అంది అమ్మ.

"మర్సిపోతె ఏమైతది? నువ్వు, నేను బతుకుతలేమా?"

అమ్మ గంప నెత్తికెత్తుకుంది. మా అమ్మ వాదించేది కాదు. తను అనుకున్న పని వైపు నడిచేది, అంతే.

ఆ నడక నాకు ముక్కలు ముక్కలుగా గుర్తుంది. మిర్యాలగూడ పొలిమేరలో తెల్లవారింది. మిల్లుల్లో వడ్లు ఉడికే వాసన, ఊక కాలిన పొగ, మంచు, ఆ మంచులో మా గొర్రెల వీపుల మీంచి లేచే ఆవిరి. దారంతా బూడిద రంగు మబ్బు ఒకటి నేల మీద నడుస్తున్నట్టుండేది. కాళ్ళు నొప్పి పుడితే నాయన నన్ను భుజం మీద కూర్చోబెట్టుకునేవాడు. ఆయన గొంగడి నుంచి ఉన్ని వాసన, చుట్ట వాసన వచ్చేవి. అక్కడే నిద్రపోయేదాన్ని.

నది చూడకముందు నది అంటే పెద్ద కాలువ అనుకున్నాను. చూశాక, అవతలి ఒడ్డున మనుషులు చీమల్లా కదలడం చూసి, వాళ్ళు నిజంగానే అంత చిన్న మనుషులేమో అనుకున్నాను.

మేం దిగిన చోట రేవు ఉండేది. రేవు పక్కన ఒకే గోడను పంచుకుని కట్టిన రెండు పెంకుటిళ్ళు. వాటి ముందు, సరిగ్గా నడుమ, ఒక పాత పడవ బోర్లా పడుకుని ఉంది. దానికి ఒక విచిత్రం. వెన్ను పొడుగునా గీత గీసినట్టు ఎడమవైపు సగం తారు పూసి నల్లగా మెరుస్తోంది, కుడివైపు సగం పాతతారుతో వెలిసిపోయి ఉంది. నాకు నవ్వొచ్చింది. సగం గొరిగి వదిలేసిన గొర్రెలా ఉంది.

"నవ్వకే పిల్లా," అంది ఎడమవైపు ఇంటి అవ్వ. చేపలు తోముతూ కూర్చుంది. "ఇద్దరన్నదమ్ములది ఆ పడవ. మా ముసలాయన తన సగానికి తారు పూసిండు. ఆయన అన్న, వచ్చే నెల తన సగానికి పూస్తడు. ఒక్కనాడు పూస్తె మాట్లాడుకోవాల్సొస్తది గద."

కథ అంతా అవ్వే మా అమ్మకు చెప్పింది. అన్నదమ్ములిద్దరూ పుట్టినప్పటి నుంచి తెడ్డు పట్టినవాళ్ళు. ఆ పడవ వాళ్ళ నాయన చేయించింది. తర్వాత రేవుకు ఇంజను బల్లకట్టు వచ్చింది. రెండు పెద్ద పడవల మీద బల్లలు పరిచి కట్టిన తెప్ప అది. మనుషులూ బండ్లూ గొర్రెలూ అన్నీ ఒక్కసారే దాటేవి. పెద్దాయన, "ఇగ తెడ్డుతోని బతకలేం తమ్మీ," అని బల్లకట్టు మీద తాడు కట్టే పనికి చేరాడు. చిన్నాయనకు అది తండ్రి చేతిని విదిలించుకున్నట్టు తోచింది. ఏదో మాట అన్నాడు. ఆ మాట ఏమిటో అవ్వ కూడా చెప్పలేదు. అప్పటి నుంచి ఇద్దరికీ పలకరింపుల్లేవు. ఒక గోడకు అటొకరు, ఇటొకరు. ఒకరు దగ్గితే ఒకరికి వినబడుతుంది. అయినా మాట లేదు.

వాళ్ళ భార్యలు మాత్రం మామూలుగానే ఉండేవాళ్ళు. ఆ గోడ మీదుగా నిప్పు, మజ్జిగ, చింతపండు, ఊరి ముచ్చట్లు అన్నీ దాటేవి. మేం వెళ్ళాక జున్ను కూడా దాటింది. మా అమ్మ గొర్రెపాలతో జున్ను చేసి రెండిళ్ళకూ పంచేది. బదులుగా చేపలొచ్చేవి. జొన్నగటకలో చేపల పులుసు పోసుకుని తినడం నాకు ఆ ఒడ్డునే తెలిసింది. ముల్లు తీయడం అవ్వ నేర్పింది.

చిన్నతాత పడవ పని మానలేదు. చిన్న నాటుపడవ ఒకటి పెట్టుకుని చేపలు పట్టేవాడు, బల్లకట్టు తప్పిపోయినవాళ్ళను దాటించేవాడు. పొద్దున్నే మంచులో అవతలి ఒడ్డు కనబడేది కాదు. ఆ తెల్లదనంలోంచి ఒక పిలుపు వచ్చేది, "ఓ... పడవా!" అని. ఎవరిదో తెలియదు, ఎక్కడి నుంచో తెలియదు. తాత వెంటనే నోటికి చేతులు అడ్డం పెట్టి "ఓ..." అని పలికేవాడు. అప్పుడే వెళ్ళేవాడు కాదు. చద్ది తినేవాడు, చుట్ట వెలిగించేవాడు, మెల్లగా లేచేవాడు.

"పోనప్పుడు ఎందుకు తాతా పలుకుడు?" అనడిగాను.

"పిలిచినోడు ఒడ్డు మీద ఒక్కడే ఉంటడు బిడ్డా. పలికితే గింత ధైర్నం. పోవుడు జర ఆలిశమైనా నిలవడతడు."

నేనూ అవ్వా ఆ పొగమంచులోకి ఊరికే పిలిచేవాళ్ళం. ఎవరూ లేని ఒడ్డు నుంచి కూడా ఒక్కోసారి నా గొంతే తిరిగి వచ్చేది.

రేవుకు కాస్త పైన ఊరు, ఊళ్ళో బడి. బడి సారు అవతలి ఒడ్డు మనిషి. రోజూ బల్లకట్టు మీద దాటి వచ్చేవాడు. ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, చెప్పులు చేతిలో పట్టుకుని దిగేవాడు. పెద్దతాత ఆయనకు చెయ్యి అందించేవాడు. అమ్మ నన్ను ఆయన ముందు నిలబెట్టింది.

"మీ ఊళ్ళో బడికి వెళ్ళేదానివా పాపా?" అన్నాడాయన. "పలకుందా?"

చీరముక్క విప్పి చూపించాను.

"అయితే ఇంకేం, వచ్చి కూర్చో. పలకున్నవాళ్ళందరూ నా పిల్లలే."

ఆ సారు పాఠం చెబుతూ చెబుతూ పక్కకు వెళ్ళిపోయే రకం. ఒకరోజు 'ప' గుణింతం దిద్దిస్తూ ఆగిపోయాడు. "అసలు పలక అనే మాట ఎక్కడిదో తెలుసా మీకు? సంస్కృతంలో ఫలకం అంటారు. చదునైన చెక్క అని అర్థం. అది మనవాళ్ళ నోట్లో అరిగి అరిగి పలక అయింది. రాతిపలక తర్వాతొచ్చింది. మొదట పలకంటే చెక్కే," అన్నాడు. మాట అరగడం ఏమిటో నాకు అర్థం కాలేదు. సబ్బులా అరుగుతుందేమో అనుకున్నాను. ఆ రోజంతా పలక, పలక, పలక అని గొణుక్కుంటూ తిరిగాను, ఎంత అరుగుతుందో చూద్దామని.

మాట అరగలేదు గాని పలకే పోయింది. గొర్రెపిల్లలకు ఉప్పంటే ప్రాణం. బడి నుంచి వచ్చాక నేను తడిపలక మీద కాస్త ఉప్పు చల్లి వాటి ముందు పెట్టేదాన్ని. అవి గరుకు నాలుకలతో నాకుతుంటే రాసినదంతా చెరిగిపోయి పలక అద్దంలా తేలేది. తుడిచే పని తప్పేది, వాటికి తిండీ దొరికేది. ఒక సాయంత్రం మా పెద్ద పొట్టేలుకు ఆ ఉప్పు వాసన తగిలింది. పిల్లలను పక్కకు తోసి వచ్చి పలక మీద ముందుకాళ్ళు రెండూ పెట్టింది. టపీమని పగిలింది. నా చేతిలో చెక్క చట్రం మిగిలింది. దాంట్లోంచి నాకు నది కనబడింది.

అమ్మ తిట్టలేదు. నాయన వైపు చూసింది.

"హుజూర్‌నగర్ పోయినప్పుడు తెస్త తియ్," అన్నాడు నాయన.

హుజూర్‌నగర్ పోవడం పడలేదు. మందను వదిలి పోవడం కుదరదు, పోయే పనీ లేదు. సారు నన్ను పంపించెయ్యలేదు, ఇసుకలో రాయమన్నాడు. కాని పలకలున్న పిల్లల నడుమ ఇసుకలో వేలు పెట్టి రాస్తుంటే నాకు తలవంపుగా ఉండేది. మెల్లగా బడికి పోవడం తగ్గించాను. గొర్రెపిల్లల దగ్గరే ఉండిపోయేదాన్ని. అది హాయిగా కూడా ఉండేది, అబద్ధం ఎందుకు చెప్పాలి. ఎండలో పడుకుంటే పిల్లలు వచ్చి చెవులు నాకేవి.

ఒక మధ్యాహ్నం తింటూ నాయన అన్నాడు, "మంచిగ కాస్తున్నది పిల్ల. వచ్చేయేడు కూడ మందెంటనే రానియ్. నీకు జర ఆసరా అయితది."

అమ్మ చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. చెయ్యి కడుక్కుని లేచి అవ్వ దగ్గరికి వెళ్ళింది. నేను వెనకే వెళ్ళాను. అమ్మ అవ్వ పక్కన కూర్చుని, ఒక చేప అందుకుని పొలుసు తీయడం మొదలుపెట్టింది. చాలాసేపు అదే పని.

"నన్ను గూడ గిట్లనే ఒక్క యేడు ఆపిన్రు అవ్వా," అంది చివరికి. "ఒక్క యేడే అన్నరు."

అవ్వ తలెత్తి, పడవ నీడలో వల అల్లుతున్న తాతను చూసింది. "ఓ ముసలాయనా, గా పడవల నుంచి ఒక పలక తియ్యరాదు? పిల్లకు రాసుకునే పలక చేసియ్యొచ్చు. మీ చిన్నప్పుడు చెక్క పలకలే గద."

తాత వల వదిలేశాడు. "దాంట్ల సగం వానిది."

"అయితే అడుగు."

"అడుగుడా? నేనా?"

"మరి నేనడగాల్నా? నాకు మీ అన్నతోని మాటలున్నయి. నాకేం కావాలన్నా అడుగుత. పలక తీసుడు మీ పని. మీ ఇద్దరి పని." తర్వాత గొంతు తగ్గించి అంది, "అవతలొడ్డు నుంచి ఊరు పేరు లేనోడు పిలిస్తె పలుకుతవు. గోడవతల ఉన్నోడు దగ్గుతుంటె పలకవు. ఏం మనిషివయ్యా?"

తాత లేచి నదిలోకి దిగి ముఖం కడుక్కున్నాడు. తువ్వాలుతో తుడుచుకున్నాడు. మళ్ళీ కడుక్కున్నాడు. తర్వాత వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. ఆయన అరచేయి తెడ్డులా గట్టిగా ఉంది.

పక్కింటికే వెళ్ళాలి. అయినా పడవ చుట్టూ తిరిగి, ఎక్కడో దూరం వెళ్తున్నట్టు వెళ్ళాం. పెద్దతాత అరుగు మీద కూర్చుని తాడు పేనుతున్నాడు. మమ్మల్ని చూశాడు. చూసి మళ్ళీ తాడు వైపు తిరిగాడు. చిన్నతాత ఆయనతో కాక నాతో అన్నాడు.

"బిడ్డా, పడవల ఒక పలక తీస్తమని చెప్పు."

నేను చెప్పాను. పెద్దతాత కూడా నాతోనే అన్నాడు.

"ఏ పలకనో అడుగు."

"మొన పక్కది అని చెప్పు," అన్నాడు చిన్నతాత.

పెద్దతాత చేతిలో తాడు జారిపోయింది. "మొన పక్కదా! అది తీస్తె పడవంత విచ్చుకపోతది గదరా! నాయిన ఎన్నిసార్లు చెప్పిండు, మొన ముట్టొద్దని? నీకు ఎప్పుడొస్తది తెలివి?"

"అయితె నువ్వే చెప్పు ఏది తియ్యాల్నో!"

"చెప్పేదేంది, నీ మొకం. పా, చూపిస్త."

అప్పుడు ఇద్దరికీ తెలిసింది. నన్ను దాటి మాట్లాడుకున్నామని. ఇద్దరూ ఆగిపోయారు. గోడకు ఇటూ అటూ ఇద్దరవ్వలూ నిలబడి ఉన్నారు, కొంగులు నోట్లో పెట్టుకుని. ఎక్కడో బల్లకట్టు ఇంజను కొట్టుకుంటోంది. నీళ్ళు ఒడ్డుకు తగులుతున్నాయి.

"పా," అన్నాడు పెద్దతాత మళ్ళీ, ఈసారి మెల్లగా.

పడవను తిరగేయాలి. ఇద్దరు ముసలివాళ్ళ వల్ల అయ్యే పని కాదు. చిన్నతాత మా నాయనను కేకేశాడు. నాయన గొంగడి తీసి పక్కన పెట్టి వచ్చాడు. ఎందుకని అడిగాడు. "నీ బిడ్డ పలకకు," అన్నారు. నాయన నా వైపు చూశాడు, అమ్మ వైపు చూశాడు. భుజం పడవ కింద పెట్టాడు. ముగ్గురూ "హైస్సా" అంటే పడవ కిర్రుమని లేచి పక్కకు ఒరిగింది.

దాని కింద ఒక చిన్న లోకం ఉంది. ఇన్నేళ్ళూ ఎండ తగలని చల్లని నేల, వెంట్రుకల్లా తెల్లగా పెరిగిన గడ్డి, పొదుగుతున్న కోడి ఒకటి. అది కళ్ళు మిటకరించి మమ్మల్ని చూసింది. చీకటిలోంచి పాతనీళ్ళ వాసన లేచింది. నాకు దాంట్లోకి దూరి పడుకోవాలనిపించింది.

పెద్దతాత చూపించిన పలక పడవ గోడలది కాదు. కూర్చునే పలక. పడవకు అడ్డంగా ఆ అంచు నుంచి ఈ అంచు దాకా వేసింది. ఎవరి సగమో చెప్పడానికి వీల్లేనిది.

"నాయిన మనిద్దరిని దీని మీదనే గద కూసోపెట్టేది," అన్నాడు పెద్దతాత.

"నువ్వు నన్ను నీళ్ళలకు దొబ్బింది కూడ దీని మీంచే," అన్నాడు చిన్నతాత.

"తియ్యనా వద్దా?"

"తియ్యే."

ఎంతమంది కూర్చుని లేచారో, ఆ పలక దానంతటదే నునుపు తేలి ఉంది. పెద్దతాత రంపంతో ఒక ముక్క కోశాడు. చిన్నతాత బాడిశతో అంచులు చెక్కాడు. నది ఇసుక, గులకరాయి వేసి ఇద్దరూ మార్చి మార్చి రుద్దారు. అవ్వ బొగ్గు నూరింది. పెద్దవ్వ గడ్డిలో తిరిగి గుంటగలగరాకు కోసుకొచ్చి దంచి పసరు తీసింది. రెండూ కలిపి పూసి, ఆరబెట్టి, మళ్ళీ పూశారు. ఆ పనిలో సారు చెప్పిన ముచ్చట వాళ్ళకు చెప్పాను, ఫలకం అరిగి పలక అయిందని.

"సారు పెద్ద సదువుల మనిషి, అట్లనే కావొచ్చు," అన్నాడు పెద్దతాత. "మా నాయిన వేరే చెప్పేటోడు. అవతలొడ్డోడు పిలుస్తడు. మనం పడవ తీస్కపోయి ఒడ్డుకు ఎక్కే చెక్క ఏస్తం. పిలిస్తె పలికేది గనుక అది పలక."

"గట్ల కాదు, ఒడ్డు మీద ఏస్తే పలక్ మని సప్పుడైతది. అందుకని," అన్నాడు చిన్నతాత.

"నువ్వు అప్పుడు పుట్టనేలేదు, నీకేం ఎరుక?"

"నాయిన నాకు గూడ నాయిననే!"

ఇద్దరవ్వలూ పని ఆపి వాళ్ళను చూస్తున్నారు. ఎండాకాలంలో తొలివాన పడితే మనుషులు అలా నిలబడి చూస్తారు, లోపలికి పోకుండా. మాట్లాడుకోని ఏళ్ళన్నిటి జగడం ఆ సాయంత్రం ఒక్కసారే వచ్చి పడినట్టు, చీకటి పడేదాకా ఇద్దరూ కొట్లాడుకుంటూనే ఉన్నారు. అవ్వ అన్నం పెట్టింది. పెద్దతాత తమ్ముడి ఇంట్లో తిన్నాడు. తింటూ కూడా చేపలో ఉప్పెక్కువైందని వంక పెట్టాడు.

మర్నాడు పొద్దున నాయన నన్ను లేపాడు. ఆయన నన్ను లేపడం అదే మొదటిసారి.

"బడికి పొద్దుపోతలేదా? లే."

అంతే అన్నాడు. వచ్చేయేటి సంగతి మళ్ళీ ఎత్తలేదు. అమ్మ పొయ్యి ముందు వంగి గొట్టంతో ఊదుతోంది. పొగకో దేనికో కళ్ళు తుడుచుకుంది.

పలక బరువుగా ఉండేది. రాతిపలకలా బలపం నడిచేది కాదు, సుద్దముక్కను తడిపి రాయాలి. ఎంత పూసినా తారు వాసన పోలేదు. బళ్ళో నా పక్కన కూర్చున్న పిల్లలు ముక్కులు మూసుకున్నారు, తర్వాత అడిగి మరీ వాసన చూశారు. సారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. నేను అన్నదమ్ముల అర్థాలు రెండూ చెప్పాను. ఆయన పెద్దగా నవ్వాడు.

"వాళ్ళిద్దరి మాటా బావుంది. కానీ పరీక్షలో నాదే రాయండర్రా పిల్లలూ, లేకపోతే మార్కులు నేనివ్వలేను," అన్నాడు. ఆ సాయంత్రం బల్లకట్టు ఎక్కేటప్పుడు పెద్దతాత చెయ్యి అందిస్తే పట్టుకుని, కాసేపు వదల్లేదు.

ఎండలు ముదిరి, మళ్ళీ వానలు వస్తాయనగా మేం తిరిగి వచ్చేశాం. ఆ పలక మీద నేను పై తరగతులకు వెళ్ళేదాకా రాశాను. నోటుపుస్తకాలు వచ్చాక అమ్మ దాన్ని పాలకుండ మీద మూతగా పెట్టుకుంది. పాలకు తారు వాసన పడుతోందని నాయన సణిగేవాడు. ఆ తర్వాత ఏమైందో తెలియదు. ఇల్లు మారినప్పుడు ఎక్కడో పోయింది.

నేను చదువుకున్నాను. పెద్ద చదువేం కాదు. మిర్యాలగూడలో ఒక చిన్న ఉద్యోగానికి సరిపోయింది. నాయన ప్రతి యేడూ ఆ ఒడ్డుకు పోతూనే ఉండేవాడు. వచ్చినప్పుడు అక్కడి కబుర్లు చెప్పేవాడు. అన్నదమ్ములిద్దరూ పడవ విప్పి చెరొక తలుపు చేయించుకున్నారని, తలుపులకు తారు ఒక్కనాడే పూస్తున్నారని, పూసేటప్పుడు ఊరంతా వినబడేలా జగడమాడుతున్నారని. ఒకసారి వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు.

"పడవోళ్ళ పెద్దాయన పోయిండు బిడ్డా. పోయి పలకరిచ్చి రావాలె."

మా వైపు చావు జరిగిన ఇంటికి వెళ్ళి మాట్లాడి రావడాన్ని పలకరింపు అనే అంటారు. నేనూ నాయనా బస్సులో పోయి, కొంత నడిచి వెళ్ళాం. ఆ రేవును నేను చూడడం అదే ఆఖరు. తర్వాత దిగువన కట్టిన ఆనకట్ట నీళ్ళు వెనక్కి తన్ని రేవూ, బడీ, ఆ గోడా, గోడకు ఇటూ అటూ ఉన్న ఇళ్ళూ అన్నీ కిందికి పోయాయి. ఊరివాళ్ళు ఎక్కడెక్కడికో సర్దుకున్నారు. ఇప్పుడు అక్కడ నిలబడితే ఎండలో మెరిసే నీళ్ళు మాత్రమే కనబడతాయి. చెబితే తప్ప ఎవరికీ తెలియదు.

మేం వెళ్ళేసరికి చిన్నతాత అరుగు మీద కూర్చుని ఉన్నాడు. బాగా ముసలివాడయ్యాడు. నన్ను ఆనవాలు పట్టలేదు. నాయన చెబితే నా చేతిని పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు, సిరా మరకలేమైనా ఉన్నాయేమో అన్నట్టు. పలకరించడానికి వెళ్ళినప్పుడు మాటలు ఎప్పుడూ దొరకవు. చివరికి ఆయనే మొదలుపెట్టాడు.

"మొన్న పొద్దుగాల లేసి, మర్సిపోయి, 'అన్నా' అని కేకేసిన బిడ్డా. రోజు అలవాటు గద. లేసుడుతోనే నేను పిలుస్త, గోడవతల నుంచి వాడు 'ఏందిరా' అంటడు. ఏం లేదంట నేను. గంతే మా ముచ్చట. మొన్న పిలిచిన. పలకలే."

నాయన తల వంచుకుని నేల మీద పుల్లతో గీస్తున్నాడు.

"జరసేపైనంక మా వదినె పలికింది," అన్నాడు తాత. "గోడవతల నుంచి, 'ఏందయ్యా' అన్నది. 'ఏం లేదు వదినా, ఊకెనే' అన్న. నిన్న పొద్దుగాల పిలిచిన. పలికింది. ఇయ్యాల గూడ పలికింది."